ఆరని జిగురు

"జాడీతో కొట్టాను. అది పగిలింది. అతికించి పెట్టాను. ఇంకేం కావాలి మీకు?"

కోడలు ఆ మాటలు ముందు ఇన్‌స్పెక్టర్‌కి చెప్పింది. ఆ తర్వాత కాయితం మీద రాసుకుంటున్న రైటర్‌కి చెప్పింది. ఇప్పుడు స్టేషన్ వెనకగదిలో బల్లకి అవతల కూర్చుని డిటెక్టివమ్మకి చెబుతోంది. ప్రతిసారీ అవే మాటలు, అదే వరసలో, అప్పజెప్పినట్టు.

డిటెక్టివమ్మకి నచ్చనిది అదే. తప్పు చేసినవాళ్లు ఒప్పుకోవడం ఆమె చాలా చూసింది. మధ్యలో ఆగుతారు, ఏడుస్తారు, ముందు చెప్పింది వెనక్కి తీసుకుంటారు, అడగని సంగతి పట్టుకుని సాగదీస్తారు. ఈ పిల్ల ఒక్క మాట ఎక్కువా తక్కువా కాకుండా చెబుతోంది.

పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు పట్టుకోవడం మొదలుపెట్టాక జనం ఆమెకి పెట్టిన పేరు డిటెక్టివమ్మ. ఆ పేరు ఆమెకి ఇష్టం లేదు. అయినా అదే నిలిచిపోయింది.

జరిగింది క్లుప్తంగా ఇది. మొన్న ఉదయం గాజు మరమ్మతుల దుకాణం పెద్దాయన తన పనిగదిలో తల పగిలి పడిపోయి ఉన్నాడు. ఎవరి ఇంట్లోనో అద్దం బిగించి వచ్చిన కోడలు చూసి కేకలు పెట్టింది. ఆసుపత్రిలో చేర్చారు. ప్రాణం ఉంది, స్పృహ లేదు. కాలు జారి బల్ల అంచుకి తల కొట్టుకుందని అందరూ అనుకున్నారు. డాక్టరు మాత్రం ఇది బల్ల అంచు చేసిన గాయం కాదన్నాడు. గుండ్రంగా, బరువుగా ఉన్నదేదో తగిలిందన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చి పెద్దాయన కొడుకుని కూర్చోబెట్టి, "మొన్న పొద్దున నువ్వెక్కడున్నావ్?" అని అడిగాడో లేదో, కోడలు వంటగదిలోంచి వచ్చి మధ్యలో నిలబడింది. జాడీతో కొట్టాను, అది పగిలింది, అతికించి పెట్టాను.

ఆ సాయంత్రమే కొడుకు డిటెక్టివమ్మ గుమ్మంలో వాలాడు. "మా ఆవిడ ఈగని తోలడానిక్కూడా మొహమాటపడే మనిషండీ," అన్నాడు. బస్సు నడిపి నడిపి కాయలు కాచిన అరచేతుల్ని ఒకదాంతో ఒకటి నలుపుకుంటూ ఆ ఒక్క ముక్కే మళ్లీ మళ్లీ చెప్పాడు.

"ఎందుకు కొట్టావమ్మా?" అంది డిటెక్టివమ్మ ఇప్పుడు.

"కోపమొచ్చింది."

"ఎందుకొచ్చింది?"

"వచ్చింది."

గోడతో మాట్లాడుతున్నట్టే ఉంది. డిటెక్టివమ్మ కళ్లజోడు తీసి రుమాలుతో తుడుచుకుంది. తిన్నగా వెళితే ఈ తలుపు తెరుచుకోదు.

"సరే, కొట్టిన సంగతి పక్కన పెడదాం. నాకొక సాయం చెయ్యి. మా ఇంట్లో ఒక గాజుగిన్నె పగిలింది. సూపర్ గ్లూ పెట్టి అతికించాను. వారం తిరక్కుండా మళ్లీ చేతికొచ్చేసింది. నేనేం తప్పు చేశానంటావ్?"

కోడలు తలెత్తింది. అంతదాకా చచ్చుబడిపోయిన కళ్లలోకి ఎక్కడినుంచో కాస్త చురుకు వచ్చింది.

"సూపర్ గ్లూనా? ఎవరు చెప్పారండీ మీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఉంది, పూశాను."

"అందరూ చేసేది అదే. గాజు నున్నగా ఉంటుంది కదండీ, అది పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పైగా అతుకు చుట్టూ తెల్లగా పొగచూరినట్టు మరక కడుతుంది. కడిగితే ఊడొస్తుంది." ఒక్క క్షణం ఆగి, "మీ గిన్నెలో ఏమైనా పోస్తారా, చూడ్డానికి పెట్టుకుంటారా?" అంది.

"పెట్టుకోడానికే."

"గాజు ఏ రంగు?"

"తెల్లది. నీళ్లలా ఉంటుంది."

"ఎప్పటికి కావాలి?"

డిటెక్టివమ్మ నవ్వింది. "నువ్వు నన్ను విచారణ చేస్తున్నావే!"

"ఈ మూడూ అడక్కుండా మామయ్య ట్యూబు మూత తియ్యనివ్వరండీ." కోడలి గొంతు ఆ ఒక్క మాట దగ్గర వణికింది. మళ్లీ నిలదొక్కుకుంది. "తెల్ల గాజైతే వెలుగు జిగురు. అంటే, వెలుగు తగిలితేనే గట్టిపడేది. నల్ల సంచిలో దాస్తాం. రాసి, ముక్కలు కలిపి, కిటికీలో ఎండ పడేచోట పట్టుకుంటే చాలు, చూస్తుండగానే బిగుసుకుంటుంది. గీత కూడా కనపడదు. తొందర లేదూ, బరువు మొయ్యాలీ అంటే రెండు ట్యూబుల జిగురు. రెండూ సమంగా కలిపి రాయాలి. మర్నాటిదాకా కదపకూడదు. చేపల తొట్టికైతే సిలికాన్."

"మరి మొన్న నువ్వు పగలగొట్టిన జాడీకి?"

"రెండు ట్యూబులదే," అంది కోడలు, ఆలోచించకుండానే. "దానికి ఇంకోటి పెట్టకూడదు."

"ముక్కలెన్ని?"

కోడలు గోరుతో బల్ల అంచు గీరింది.

"ఎన్ని ముక్కలైందమ్మా జాడీ?"

"చాలా అయ్యాయి. లెక్కపెట్టలేదు."

"ముక్కలు లెక్కపెట్టకుండా నువ్వు జిగురు ముట్టుకున్నావా?"

కోడలి మొహంలో వచ్చిన వెలుగు ఒక్కసారిగా ఆరిపోయింది. తనని మాటల్లో పెట్టి ఎక్కడికి తీసుకొచ్చారో అప్పటికి తెలిసింది. బల్లవైపే చూస్తూ, అడుక్కుంటున్నట్టు అంది.

"మీరు వెళ్లిపోండి, అమ్మా. మా ఆయన్ని మాత్రం ఏమీ అడక్కండి. ఆయనకేం తెలీదు."

డిటెక్టివమ్మ లేచి నిలబడింది. అడగనివాడి గురించి తెలీదని ముందే చెప్పేసింది. ఈ పిల్ల ఎవరి తప్పు నెత్తినేసుకుందో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఆమె భర్త నిజంగా ఆ తప్పు చేశాడా లేదా అన్నదే తేలాలి. చేసి ఉంటే, తనకి ఫీజిచ్చి పెట్టుకున్నవాడినే తను పట్టివ్వాలి.

*

ఇన్‌స్పెక్టర్ వరండాలో జీపుకి ఆనుకుని ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాళ్లు. ఆమె బయటికి పోయింది, అతను పైకొచ్చాడు. అప్పట్నుంచీ అతను ఆమెని "మేడమ్" అంటాడు. ఆమె అతన్ని "ఇన్‌స్పెక్టర్ గారూ" అంటుంది. ఆ రెండు మాటల్లోనూ మర్యాద కంటే వెటకారమే ఎక్కువ.

"ఏమంటోంది మేడమ్ మీ అమాయకురాలు?"

"జిగురు గురించి మంచి పాఠం చెప్పింది."

"నాకు పాఠాలక్కర్లేదు. కొట్టిన మనిషి ఒప్పుకుంది. కొట్టిన వస్తువెక్కడుందో చెప్పింది. ఇప్పుడే వెళ్లి దాన్ని సీలు చేసి తెచ్చేస్తాను. రేపు కోర్టు." జీపెక్కుతూ, ఉదారంగా పక్క సీటు చూపించాడు. "రండి, చూద్దురుగాని. మీ మాట నేను కాదనలేదుగా? ఆసుపత్రిలో కూతుర్ని తప్ప ఎవర్నీ లోపలికి పంపొద్దన్నారు. కొడుకుని కూడా గుమ్మంలోంచే తిప్పి పంపిస్తున్నాం. నిన్నట్నుంచీ కూతురొక్కతే ఉంది."

"మంచిది," అంది డిటెక్టివమ్మ. ఇంట్లో ఎవరు కొట్టారో తేలేదాకా పెద్దాయన దగ్గర అనుమానం లేని మనిషి ఒకరుండాలని ఆమే పట్టుబట్టింది. కూతురు పెళ్లై రెండు వీధుల అవతల ఉంటుంది. ఈ గొడవలో ఆమె పేరు ఎవరి నోటా రాలేదు.

దుకాణం వెనక పనిగది. తాళం తీసింది కొడుకే. తలుపు తీసి, లోపలికి రాకుండా నడవాలోనే నిలబడిపోయాడు. నేల మీద నల్లబడిన మరక అతనికి అక్కణ్నుంచే కనిపిస్తోంది.

గది చిన్నదే అయినా చేతికందని వస్తువంటూ లేదు. పొడవాటి బల్ల మీద గాజుకి దెబ్బ తగలకుండా మెత్తటి బెరడు పలక పరిచి ఉంది. పక్కనే ఇసుక పోసిన పళ్లెం. అతికించిన ముక్క ఆరేదాకా ఒరిగిపోకుండా అందులో గుచ్చి నిలబెడతారు. దూది చుట్టిన పుల్లలు, స్పిరిటు సీసా, చిన్న బ్లేడ్లు. ఒకటే కిటికీ. పొద్దుటి ఎండ ఆ కిటికీలోంచి నేరుగా బల్ల మీదికి దిగుతోంది. ఎదురుగా పొడవాటి మేడ ఒకటి ఉంది. సూర్యుడు కాస్త పైకెక్కి దాని వెనక్కి పోతే ఈ గదికి ఇక ఎండ ఉండదు.

ఆ కిటికీ గట్టు మీద జాడీ ఉంది. మోకాలెత్తు, మందంగా, మందుసీసాలకుండే ముదురు గోధుమ రంగులో. మెడ దగ్గర సన్నటి గీత చుట్టూ తిరిగి ఉంది. పొట్ట మీదుగా ఇంకో గీత ఏటవాలుగా దిగింది. అంటే ముక్కలు మూడే. 'చాలా' అన్న కోడలు దీన్ని పగిలిన స్థితిలో చూడనేలేదు.

"ముట్టుకోకండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ చేతితొడుగులు వేసుకుంటూ.

"చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాను. సొరుగులు మీరే తెరవండి."

అతను విసుక్కుంటూనే తెరిచాడు. పై సొరుగులో ముందువరసలో రెండు ట్యూబుల జిగురు పెట్టెలు పేర్చి ఉన్నాయి. అన్నీ కొత్తవే, మూతల మీద కాగితం చింపలేదు. వాటి వెనక నల్ల సంచి ఒకటి సగం తెరుచుకుని పడి ఉంది. అందులోని సీసా మూత వంకరగా పెట్టేసి ఉంది. మూతి దగ్గర కారిన చుక్క గట్టిపడి గాజుపూసలా మెరుస్తోంది. ఇంత శుభ్రమైన గదిలో ఆ ఒక్క సీసాయే ఎవరో తరుముతుంటే పెట్టేసి పోయినట్టుంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీ ఒప్పుకోలు కాయితంలో ఏ జిగురని రాశారు?"

"రెండు ట్యూబులు కలిపానంది. అదే రాశాం."

"ఆ పెట్టెల్లో ఒక్కటైనా విప్పారా?"

"ఉన్నది అయిపోయి ఉంటుంది. పారేసి ఉంటుంది." అతను జాడీవైపు నడిచాడు. "మేడమ్, మీరు ట్యూబులు లెక్కపెట్టుకోండి. నేను నా పని చేసుకుంటాను."

మెడ పట్టుకుని జాడీ ఎత్తాడు.

మెడ మాత్రమే లేచింది.

పొట్ట గట్టు మీద కదిలి, ఒరిగి, ఇవతలికి దొర్లింది. డిటెక్టివమ్మ వెనక్కి కట్టుకున్న చేతులు ఎప్పుడు ముందుకొచ్చాయో ఆమెకే తెలియదు. రుమాలుతో సహా దాన్ని ఒడిసిపట్టుకుని బెరడు పలక మీద దించింది. దించుతుండగానే పొట్ట మీది గీత కూడా జారి, జాడీ రెండు చెక్కలై విడిపోయింది. నడవాలో కొడుకు "అయ్యో!" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ చేతిలో మెడ అలాగే ఉంది. దాని కింది అంచు నుంచి పలచటి తీగ ఒకటి సాగి, ఊగి, తెగింది. జిగురు. రెండు రోజులు కిటికీలో కూర్చుని కూడా ఆరలేదు. ఎండలోకి వంచి చూస్తే ఆ తడిలో ఎర్రటి నూలుపోగులాంటిది ఒకటి చిక్కుకుని ఉంది.



"రక్తం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ తేరుకుని. "కొట్టింది దీంతోనే. ఇంకేం మేడమ్? కంగారులో ట్యూబులు సమంగా కలపలేదు, అందుకే ఆరలేదు. అంతేగా?"

బుర్ర లేనివాడేం కాదు, అనుకుంది డిటెక్టివమ్మ. "సమంగా కలపకపోతే మొత్తం ఒకేలా బంకగా ఉంటుంది. అంచు తాకి చూడండి."

అతను తాకాడు. అతుకు వెలుపల, గీత వెంబడి పొంగి బయటికొచ్చిన జిగురు గట్టిగా, గీస్తే గోరు జారేలా ఉంది. లోపలిది నీళ్లలా ఉంది.

"బయట రాయి, లోపల నీళ్లు. ఇది వెలుగు జిగురు. వెలుగు తగిలిన మేర బిగుసుకుంది. లోపలికి వెలుగు పోలేదు." ఆమె జాడీ చెక్కని ఎండకి ఎత్తింది. బెరడు పలక మీద పడిన నీడ ముదురుగా, టీ మరకలా ఉంది. "మందుసీసాలు ఈ రంగులో ఎందుకుంటాయి? లోపలి మందుకి వెలుగు సోకకూడదనే కదా. అలాంటి గాజుకి ఈ జిగురు పెట్టి ఏం లాభం? మీరు లాకప్పులో పెట్టిన పిల్ల నిద్రలో లేపి అడిగినా ఈ తప్పు చెయ్యదు."

"కావాలనే చేసిందేమో. మీలాంటివాళ్లు వచ్చి ఇలా అంటారని."

"కావాలని చేసిన మనిషైతే నాతో వెలుగు జిగురు పెట్టాననే చెప్పాలి. రెండు ట్యూబులదని ఎందుకు చెబుతుంది?"

ఇన్‌స్పెక్టర్ మెడని మెల్లగా సంచిలో పెట్టాడు. "అయితే మీ క్లయింటే. పెళ్లాం వెనకేసుకొస్తోంది. నేను మొదట అడిగింది అతన్నే. గుర్తుందా?"

గుర్తుంది. అందుకే ఆమె అప్పటికే నడవాలోకి చూస్తోంది.

"బాబూ, ఒకసారి ఇలా రా."

కొడుకు గడప దాటాడు. మరకని తప్పించుకుంటూ గోడవారగా వచ్చాడు. డిటెక్టివమ్మ పక్కనున్న చెత్తడబ్బాలోంచి రెండు గాజుపెంకులు తీసి అతని ముందు పెట్టింది. ఒకటి తెల్లది, ఒకటి మందుసీసా రంగుది. సొరుగువైపు చూపించింది.

"ఇప్పటికిప్పుడు అతికించాలి. ఇంకాసేపట్లో ఎవరో వచ్చేస్తారు. ఏది దేనికి పెడతావ్?"

అతను వెర్రిమొహం వేసుకుని ఆమెని చూశాడు. "తెల్లదానికి సంచిలోది. దీనికి ఏం పెట్టినా ఇప్పటికిప్పుడు అవదండీ. రెండు ట్యూబులది కలిపి రేపటిదాకా ఆగాల్సిందే."

"సంచిలోది దీనికెందుకు పనికిరాదు?"

"రంగుది కదండీ! నేను ఎనిమిదేళ్లవాణ్నప్పుడు ఇలాంటి సీసాకే అది రాశాను. వీపు మీద ఒక్కటిచ్చి నేర్పాడు నాన్న. ఈ పని నావల్ల కాదని బస్సెక్కాను గానీ, అది మాత్రం ఎలా మర్చిపోతాను?"

డిటెక్టివమ్మ ఆగలేదు. గుండెలోంచి ఒక బరువు దిగింది, కానీ దాని కింద ఇంకేదో ఉన్నట్టు అనిపిస్తోంది.

"ఇప్పుడు అసలు సంగతి చెప్పు. మొన్న పొద్దున డ్యూటీ మధ్యలో నువ్విక్కడికి వచ్చావా?"

అతను ఇన్‌స్పెక్టర్‌ని చూశాడు. నేలని చూశాడు.

"వచ్చానండీ. ముందురోజు నాన్నకీ నాకూ మాటా మాటా వచ్చింది. బస్సు మలుపులో ఆగినప్పుడు వెనకసందులోంచి వచ్చాను, పలకరించి పోదామని. తలుపు వేసుంది. లోపల నాన్న అరుస్తున్నాడు. 'నువ్వడిగితే ఇచ్చేస్తానా అమ్మాయ్, చేతిపని వచ్చినవాళ్లకే దుకాణం' అంటున్నాడు. నాకెందుకొచ్చిందని వెళ్లిపోయాను."

"ఇది నాకు నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

అతని కళ్లు నిండాయి. "అమ్మాయ్ అన్నాడు కదండీ. మా ఆవిడ్ని అలాగే పిలుస్తాడు. చెబితే... ఆవిడే అని నేనే సాక్ష్యం చెప్పినట్టవుతుంది కదా అని."

"సందులోంచి నువ్వు వెళ్లడం ఆమె చూసి ఉంటుంది. నువ్వే కొట్టావనుకుంది." డిటెక్టివమ్మ కళ్లజోడు సర్దుకుంది. "దుకాణం నాకిమ్మని మీ ఆవిడ ఎందుకడుగుతుంది? చేతిపని వచ్చినవాళ్లకే అన్నాడంటే, మీ నాన్న ఇస్తానన్నది ఆమెకేగా?"

ఆ మాట అతనికి తట్టనేలేదని మొహమే చెబుతోంది.

"మీ నాన్న అమ్మాయ్ అని ఇంకెవర్ని పిలుస్తాడు?"

గదిలో ఎండ పల్చబడుతోంది. మేడ వెనక్కి సూర్యుడు పోతున్నాడు.

"చెల్లెల్ని," అన్నాడతను. వెంటనే చెయ్యి అడ్డంగా ఊపాడు. "కాదండీ, దానికి ఈ పని రాదు. నాన్న దాన్ని ఈ గడపే దాటనివ్వలేదు. పెంకులు గుచ్చుకుంటాయి, ఆడపిల్లవి, నీకెందుకు అనేవాడు. రోజంతా ఇక్కడే గడప మీద కూర్చుని చూస్తూ ఉండేది పాపం. ఆ తర్వాత మా ఆవిడ వచ్చింది. ఆవిడకి చెయ్యి పట్టుకుని నేర్పాడు. అది చూసి చెల్లెలు..."

మాట మధ్యలో ఆగిపోయింది.

డిటెక్టివమ్మ గడప దగ్గరికి వెళ్లి నిలబడి చూసింది. అక్కణ్నుంచి బల్ల కనిపిస్తుంది, కిటికీ కనిపిస్తుంది. నల్ల సంచిలోంచి సీసా తియ్యడం, రాయడం, ఎండలో పట్టుకోవడం, చిటికెలో అతుక్కోవడం, అన్నీ కనిపిస్తాయి. ఏది ఎందుకో మాత్రం గడప మీద కూర్చున్నవాళ్లకి ఎవరూ చెప్పరు. ఏ గాజుకి ఏది పెట్టకూడదో బల్ల దగ్గర నిలబడి దెబ్బ తిన్నవాళ్లకే తెలుస్తుంది.

అంతలో ఆమె గిరుక్కున ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"ఆసుపత్రిలో గది బయట ఎవరున్నారు?"

"కానిస్టేబులు. లోపల..." ఇన్‌స్పెక్టర్ కూడా ఆగిపోయాడు.

లోపల కూతురొక్కతే. పెట్టమన్నది తనే. అనుమానం లేని మనిషి ఒకరుండాలని పట్టుబట్టి, అన్నని గుమ్మంలోంచి తిప్పి పంపించి, తలుపు దగ్గరగా వేయించింది తనే.

ఇన్‌స్పెక్టర్ ఫోను మోగింది. విని, పెట్టేసి, మొహంలో గెలుపో కంగారో తెలియని రంగుతో అన్నాడు. "పెద్దాయన కళ్లు తెరిచాడట. మాట్లాడుతున్నాడట. కూతురు ఎవర్నీ రావొద్దంటోందట, నాన్నని కాసేపు ఒంటరిగా వదలమని."

*

ఆసుపత్రి మెట్లు డిటెక్టివమ్మే ముందెక్కింది. కానిస్టేబుల్ లేచి సెల్యూట్ కొట్టేలోపు తలుపు తోసింది. ఆమె కళ్లు మొదట వెతికింది దిండుని.

దిండు పెద్దాయన తలకిందే ఉంది. తలకి కట్టు, కళ్లు తెరిచే ఉన్నాయి. పక్కన స్టూలు మీద కూతురు. చంచాతో మంచినీళ్లు పట్టిస్తోంది. చూపుడువేలికి చిన్న కట్టు ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. లోపలికొచ్చినవాళ్లని చూసి చంచా గ్లాసులో పెట్టేసింది. పారిపోవాలని కూడా అనుకోలేదు. ఎప్పుడొస్తారా అని చూస్తున్న మనిషిలా ఉంది.

"పెద్దాయనా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మంచం మీదికి వంగి. "నేను పోలీసుని. మొన్న మీ పనిగదిలో ఏం జరిగిందో చెప్పగలరా? తొందరేం లేదు."

పెద్దాయన చూపు అతని మీద ఆగింది. అక్కణ్నుంచి డిటెక్టివమ్మ మీదికి వచ్చింది. ఆమె కళ్లలో ఏం కనిపించిందో గానీ, ఆయన చెయ్యి దుప్పటి మీద వెతుక్కుంటూ వెళ్లి కూతురి చేతిని పట్టుకుంది.

"కోడలు," అన్నాడు.

"గట్టిగా చెప్పండి."

"కోడలే కొట్టింది. దుకాణం ఇప్పుడే రాసిమ్మంది. ఇవ్వనన్నాను. జాడీ తీసుకుంది."

ఇన్‌స్పెక్టర్ నిటారుగా లేచాడు. డిటెక్టివమ్మ వైపు చూసిన చూపులో వెటకారం లేదు. అంతకంటే ఘోరమైనది ఉంది, జాలి. జేబులోంచి పెన్ను తీశాడు. దెబ్బ తిన్న మనిషే చెబుతుంటే ఆరని జిగురు మాట ఏ కోర్టు వింటుంది?

"పెద్దాయనా," అంది డిటెక్టివమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ పిల్ల ఇప్పుడు లాకప్పులో ఉంది. మీకోసం ఏడవడానిక్కూడా భయపడుతోంది. మీరు నేర్పిన మూడు ప్రశ్నలూ పొద్దున నాకు వరసగా అడిగింది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కంటికొసలోంచి ఒక చుక్క జారి కట్టులోకి ఇంకిపోయింది. అయినా ఆ చెయ్యి సడలలేదు.

"దానికి మొగుడున్నాడు," అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. "ధైర్యం ఉంది. చేతిలో పని ఉంది. ఎలాగోలా బతుకుతుంది. దీనికి నేనేమీ ఇవ్వలేదు."

"ఏంటండీ అంటున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ రాయడం ఆపి.

"ఏం లేదు. రాసుకోండి. కోడలే."

కూతురు వెక్కివెక్కి ఏడ్చింది. "ఊరుకో, అమ్మాయ్," అన్నాడు పెద్దాయన. బయటివాళ్లకి అది ఓదార్పులాగే వినిపిస్తుంది. కానీ ఆయన ఊరుకోమన్నది ఏడుపుని కాదని ఆ గదిలో ఇద్దరికి తెలుసు.

డిటెక్టివమ్మ తండ్రిని వదిలేసి కూతురి మొహంలోకి చూసింది. తప్పించుకున్నానన్న ఊరట అందులో ఎక్కడా లేదు. తండ్రి నోటినుంచి తన పేరు వస్తుందని ఎదురుచూసింది. అది రాలేదు. ఇన్నేళ్లుగా ఆయన దగ్గర ఆశపడినా దక్కనిది ఇప్పుడు ఇలా దక్కింది. దానికి ఖరీదుగా వదిన బతుకుని ఇచ్చేస్తున్నాడు.

"నువ్వేమైనా చెబుతావా అమ్మా?" అంది డిటెక్టివమ్మ మెల్లగా.

"దాన్నేం అడగొద్దు!" అన్నాడు పెద్దాయన. అంత బలహీనమైన ఒంట్లోంచి అంత గట్టి మాట ఎలా వచ్చిందో. వేళ్లు కూతురి మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి.

కూతురు ఆ వేళ్లని చూసింది. చిన్నప్పటినుంచి అవి ఎన్ని ముక్కల్ని పట్టుకోవడం చూసిందో. రెండో చెయ్యి వాటి మీద వేసి, నొప్పి పుట్టకుండా ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

"చెయ్యి వదులు, నాన్నా," అంది.